గ్రిడ్ కరెంటు లేని సోలార్ ఇంట్లో గీజర్ వేయగానే ఇన్వర్టర్ ఆగిపోతోంది, స్నానాలకి వేడి నీళ్ళెలా?

ప్రశ్న:
మా ఇంటికి కరెంటు లైను లేదు, అంతా సోలారే. 2 కిలోవాట్ల ప్యానెళ్ళు, 24 వోల్టుల ఇన్వర్టర్, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు ఉన్నాయి. లైట్లు, ఫ్రిజ్, మోటారు అన్నీ బాగానే నడుస్తాయి. ఉదయం ఆరింటికి 2000 వాట్ల గీజర్ వేస్తే మాత్రం పది నిమిషాలకే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోతోంది, ఒంటి మీద సబ్బు నురగతో నిలబడిపోతున్నాం. నలుగురం ఉంటాం. ఇంకో రెండు బ్యాటరీలు కొంటే సరిపోతుందా?

జవాబు:
ముందు బ్యాటరీలు కొనకండి, లెక్క చూడండి. మనిషికి 25 లీటర్లు అనుకుంటే నలుగురికి 100 లీటర్లు, 20 డిగ్రీల నీళ్ళని 40 డిగ్రీలకి తేవాలంటే సుమారు 2.3 యూనిట్లు కావాలి. మీ బ్యాటరీల్లో మొత్తం ఉండేదే 7.2 యూనిట్లు, లెడ్ యాసిడ్‌ని సగానికి మించి దించితే త్వరగా పాడవుతాయి కాబట్టి వాడుకోదగ్గది 3.6. అందులో రాత్రంతా ఫ్రిజ్ తిన్నాక ఉదయానికి ఏం మిగులుతుంది? పైగా 2000 వాట్లంటే 24 వోల్టుల దగ్గర 90 ఆంపియర్ల పైనే లాగుతుంది, దాంతో వోల్టేజీ పడిపోయి ఇన్వర్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

మీరు మార్చాల్సింది టైమే. ఎండ బాగున్న రోజు మధ్యాహ్నానికి బ్యాటరీ నిండిపోతుంది, ఆ తర్వాత ప్యానెళ్ళు ఇవ్వగలిగిన కరెంటుని కంట్రోలర్ (బ్యాటరీ చార్జింగ్‌ని చూసుకునే పెట్టె) తీసుకోవడమే మానేస్తుంది. ఆ కరెంటు నీళ్ళలోకి పంపండి. మందంగా ఇన్సులేషన్ ఉన్న 100 లీటర్ల ట్యాంకు పెట్టి, 2000 వాట్ల ఎలిమెంట్ (నీళ్ళని కాచే కాయిల్) తీసేసి 1000 వాట్లది వేయించి, బ్యాటరీ వోల్టేజీ బాగా పెరిగినప్పుడే ఆన్ అయ్యేలా రిలే (తనంతట తానే పనిచేసే స్విచ్) పెట్టించండి. ట్యాంకులో 60 డిగ్రీలకి కాగితే, ఉదయం సగానికి సగం చన్నీళ్ళు కలుపుకోవాల్సిందే, అంత వేడి ఉంటుంది. నేరుగా ఒంటి మీద పడితే కాలుతుంది, ఇంట్లో పిల్లలుంటే వేడి నీళ్ళలో చన్నీళ్ళు తనే కలిపి ఇచ్చే మిక్సింగ్ వాల్వ్ తప్పనిసరి.

మరో జవాబు:
పైకప్పు మీద చోటుంటే నేనైతే సోలార్ వాటర్ హీటరే పెట్టమంటాను. ప్యానెల్ ఎండలో సుమారు 20 శాతమే కరెంటుగా మారుస్తుంది, వాటర్ హీటర్ అదే ఎండలో సగం పైనే వేడిగా పట్టుకుంటుంది. ట్యాంకు పైన, గొట్టాలు కింద ఉంటే కాగిన నీళ్ళు వాటంతటవే పైకెక్కుతాయి, మోటారు కూడా అక్కర్లేదు. మబ్బు రోజులకి మాత్రం వేరే ఏర్పాటు ఉండాలి. ఉప్పు నీళ్ళయితే లోపల తెల్లగా పెచ్చు కడుతుంది, అప్పుడప్పుడు శుభ్రం చేయించుకోవాలి. ఇంకో మాట, ఖాళీ గాజు గొట్టాలు ఎండలో ఉండగా చన్నీళ్ళు నింపకండి. నేను మిట్టమధ్యాహ్నం వాల్వ్ తిప్పాను, టప్‌మని రెండు గొట్టాలు నా కళ్ళ ముందే పగిలాయి. తెల్లవారుజామునే నింపాలి.

అడిగినవారు:
టైము సంగతి నాకు అసలు తట్టలేదండీ, చాలా థాంక్స్. పాత ప్యానెళ్ళు మూడు ఖాళీగా ఉన్నాయి, వాటిని ఇన్వర్టర్ లేకుండా నేరుగా గీజర్‌కి కలపొచ్చా?

జవాబు:
కలిపినా పెద్దగా కాగదండీ. 230 వోల్టుల ఎలిమెంట్‌కి సగం వోల్టేజీ ఇస్తే వచ్చేది పావు వంతు వేడే, 2000 వాట్లది 500 వాట్లే ఇస్తుంది. అంతకన్నా పెద్ద టెన్షన్ థర్మోస్టాట్‌తో, అంటే నీళ్ళు కాగగానే కరెంటు ఆపేసే స్విచ్‌తో. అది ఏసీకి, అంటే లైన్లో, ఇన్వర్టర్‌లో వచ్చే దిశ మారే కరెంటుకి చేసింది; ప్యానెళ్ళు ఇచ్చేది ఒకే దిశలో పారే డీసీ. ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్టులు విడిపోగానే నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీ అలా సున్నాకి రాదు, రవ్వ మండుతూనే ఉంటుంది. నేను ఇలాగే కలిపాను. ఒక సాయంత్రం సేఫ్టీ వాల్వ్ నుంచి బుస్సుమని ఆవిరి వస్తోందని విప్పి చూస్తే కాంటాక్టులు రెండూ కరిగి మిరియం గింజంత నల్లటి ముద్దలా అతుక్కుపోయి ఉన్నాయి. ఆ వాల్వ్ లేకపోతే ట్యాంకు పేలిపోయేది. కారుతోంది కదా అని దాన్ని ఎవరూ బిగించి మూసేయకండి. డీసీతోనే చేయాలంటే ఆ వోల్టేజీకి సరిపడే డీసీ ఎలిమెంట్, డీసీ రిలే కొనండి, థర్మోస్టాట్ ఆ రిలేని మాత్రమే నడపాలి.

అడిగినవారు:
అయితే ఆ మూడింటి జోలికి పోను. ముందు ఇన్వర్టర్ మీదే 1000 వాట్ల ఎలిమెంట్, రిలే పెట్టించి, ఒక వారం మధ్యాహ్నం కాచి ఉదయానికి ట్యాంకులో ఎన్ని డిగ్రీలు నిలుస్తున్నాయో థర్మామీటర్‌తో చూసి ఇక్కడే రాస్తాను.