పాలపిట్టల తొర్రలో గోరింకలు: మనం కలగజేసుకోవచ్చా?

గట్టుమీద (ఖమ్మం జిల్లా):
మా చేను గట్టు మీద తల విరిగిన తాటి మోడు ఒకటుంది. రెండేళ్లుగా ఎండాకాలంలో ఒక పాలపిట్టల జంట దాని తొర్రలోనే గూడు పెడుతోంది. ఈసారి గోరింకలు వచ్చి పడ్డాయి. నాలుగు రోజులు ఒకటే గోల. నిన్న మోడు కింద తెల్ల గుడ్డు పగిలి ఉంది. తొర్ర నిండా గడ్డి, కవర్ ముక్కలు. పాలపిట్టలు ఇంకా అక్కడే కరెంటు తీగ మీద కూర్చుంటున్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతోంది. గోరింకల గూడు తీసేయనా?

కిన్నెరసాని:
తీసేయండి అన్నా. గోరింకకు చూరైనా, గోడ కన్నమైనా, పైపైనా సరిపోతుంది. పాలపిట్టకు మన చేలల్లో ఎక్కువగా ఈ మోళ్లే ఆధారం. పన్నెండేళ్లలో పాలపిట్టలు సుమారు 30 శాతం తగ్గాయని 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక చెప్పింది. అది మన తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆస్ట్రేలియాలో చిలుకల తొర్రలు ఆక్రమిస్తున్నాయని గోరింకలను పట్టి మరీ తగ్గిస్తున్నారు.

లక్ష్మీటీచర్:
ఆ పోలిక ఇక్కడ కుదరదమ్మా. పురుగులు తింటుందని 19వ శతాబ్దంలో గోరింకను అక్కడికి మనుషులే పట్టుకెళ్లారు. ఇక్కడ అది పుట్టిన నేల. గోరింక గుడ్డు లేత నీలం, కాబట్టి పగిలిన తెల్ల గుడ్డు పాలపిట్టదే అయి ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఇంకో పక్షి గూడు పీకడం సరికాదు. 1972 వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకోదు.

అసలు చిక్కు తొర్రల దగ్గరుంది. తొలిచేది వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట లాంటివే. పాలపిట్ట, గోరింక, పగిడికంటె (చిన్న గుడ్లగూబ) దొరికిన తొర్రలో చేరేవి. రామచిలుకలైతే జనవరి, ఫిబ్రవరిలోనే మంచివి పట్టేసుకుంటాయి. పాలపిట్ట వెతుక్కునే వేళకు మిగిలేవి ఎన్ని? మీ గట్టు మీద తాటిచెట్లు ఎన్ని ఉండేవి బాబూ?

గట్టుమీద:
పదకొండు టీచర్ గారూ. ఇప్పుడు మూడు, అందులో మోడు ఇదొక్కటే. కిందటేడు రెండు మోళ్లు నేనే వంటచెరుకుకు కొట్టించాను. వాటిలో తొర్రలున్నాయేమో చూడను కూడా లేదు.

కిన్నెరసాని:
తాడి మోడై తొర్ర పడేసరికి ఏళ్లు గడుస్తాయి. అప్పటిదాకా ఈ జంట ఏం కావాలి? కనీసం గూడు పెట్టుకునే పెట్టెలైనా కడదాం.

చెరువుకట్ట:
నేను కట్టాను. పాలపిట్ట పట్టే కన్నంలో గోరింకా పడుతుంది, కాబట్టి మొదటి ఏడే గోరింకలు చేరాయి. కడితే రెండు మూడు కట్టండి, ఒకటి వాటికి పోయినా ఇంకోటి మిగులుతుంది. రేకుది మాత్రం వద్దు, మే ఎండకు పిల్లలు ఉడికిపోతాయి. మందం చెక్కతో చేసి, పడమటెండ తగలకుండా పెట్టాలి.

గట్టుమీద:
కొన్ని వారాలైంది. గూడు తీయను. పొద్దున తొర్రలోంచి పిల్లల అరుపులు వినపడ్డాయి. పాలపిట్టలు పక్క చేను మోడు చుట్టూ తిరుగుతున్నాయి. దాన్ని ఈ వారం కొట్టిస్తామన్నారు. సాయంత్రం వెళ్లి వాళ్లను అడుగుతాను.

కిన్నెరసాని:
పిల్లలున్నాయి కాబట్టి ఈసారికి సరే. వచ్చే మార్చిలో గోరింకలు గడ్డి మోసుకొచ్చే రోజే తోలేయాలన్నది మాత్రం నా మాట. అడిగారా? ఏమన్నారో రాయండి.