‘పొసగి’నా, ‘పొసగక’నా?

అరసున్న: ఘన కందెనల (నూనెలా కారకుండా గట్టిగా ఉండే కందెనల) పాఠం మొదలుపెడుతూ మా మాస్టారు బోర్డు మీద ఓ ఆటవెలది రాశారు. ఒక్క పాదమే గుర్తుంది: “పొరకుఁ బొరయు చక్కఁ బొసగి జారు”. గ్రాఫైట్ గురించి. మిగతా మూడూ ఎవరికైనా తెలుసా?

గీటురాయి: ‘పొసగక’ అయ్యుంటుంది. పొరల్లో అణువులు గుంటకు గుంట కుదిరితే ఇరుక్కుంటాయి. 2004లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గ్రాఫైట్ రేకును గ్రాఫైట్ మీదే తిప్పి లాగి చూశారు. 60 డిగ్రీలకోసారి రాపిడి ఎగిసింది, మధ్యలో దాదాపు మాయం.

యతిభంగం: గణాలు చూసుకోండి సార్. ‘పొసగ’ నగణం, సరే. తర్వాత ‘కజారు’? జగణం ఎప్పటినుంచి సూర్యగణం?

గీటురాయి: అణువులకు ఛందస్సు తెలియదండీ.

అరసున్న: మాస్టారికి తెలుసు.

తుమ్మజిగురు: ఘర్షణ గుణకం (రాపిడి ఎంతో చెప్పే అంకె) 0.01 కన్నా తగ్గితే దాన్ని ‘అతిస్నిగ్ధత’ అందామా అని మొన్న ఒకరు అడిగారు. మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో స్నిగ్ధత తేనెకుండే గుణం! జారేదాన్ని చిక్కదనం చేసేస్తామా?

యతిభంగం: స్నిగ్ధం అంటే మొదట జిడ్డే. స్నేహమూ ఆ ధాతువే. తప్పు పుస్తకాలది.

వేపపుల్ల: వేమన దగ్గరికి ఒక్కరూ పోరేం? గ్రాఫైట్‌లాగే పొరలుండే ఘన కందెన మాలిబ్డినం డైసల్ఫైడ్. దాని పూత మొదట్లో కాస్త పట్టిపట్టి నడుస్తుంది. ఒరుసుకునే కొద్దీ పొరలు జారే దిక్కుకు పడుకుంటాయి, ఎదుటి లోహానికీ పలచగా అంటుకుంటాయి. “తినగ తినగ వేము తియ్యనుండు” అంటే ఇదే.

గీటురాయి: శూన్యంలో తియ్యనే, అందుకే ఉపగ్రహాల్లో వాడతారు. తేమ తగిలితే త్వరగా అరుగుతుంది. గ్రాఫైట్‌ది తిరగేసిన కథ, తేమ లేకపోతే పొడిపొడిగా రాలిపోతుంది. తమరి వేము ఏ గాలిలో పెరిగిందో చెప్పాలి.

వేపపుల్ల: వేమనను తేమ అడిగిన మొదటి మనిషి మీరే.

తుమ్మజిగురు: “పొరకుఁ బొరయు చక్కఁ బొసగకున్న”! గణాలు నిలిచాయి, యతి నిలిచింది, లైడెన్ వాళ్లూ ఒప్పుకుంటారు. ‘జారు’ కింది పాదంలోకి పోతుంది.

యతిభంగం: అయిదూ సూర్యగణాలు కాబట్టి రెండో పాదమో నాలుగోదో. నాలుగోదైతే కిందికి పోవడానికి చోటేదీ?

అరసున్న: ‘జారు’ దగ్గర సుద్దముక్క విరిగింది. మాస్టారు చేతులు దులుపుకున్నారు. అది బాగా గుర్తు.

గీటురాయి: రెండో పాదం తర్వాతా దులుపుకోవచ్చు.