అమెరికా స్థాపన చరిత్రపై టీచర్లకు సమ్మర్ వర్క్‌షాప్‌లు: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్తారా?

నమస్కారం అండీ. నేను నార్త్ కరోలినాలో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్తున్నాను. గుంటూరులో చెప్పి వచ్చినదాన్ని కాబట్టి మన జాతీయోద్యమం కొట్టినపిండే. ఇక్కడి 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1787 రాజ్యాంగ రచన మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నంతవరకే తెలుసు. ఈ వేసవిలో వాషింగ్టన్ ఎస్టేట్ అయిన మౌంట్ వెర్నన్‌లోనో, వలసకాలపు వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్‌లోనో టీచర్ల వర్క్‌షాప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. మీలో ఎవరైనా వెళ్ళారా?

నాకు ముఖ్యంగా కావాల్సింది అసలు పత్రాలతో పాఠం చెప్పే పద్ధతి. బానిసలనే మాట ఎత్తకుండానే జనాభా లెక్కలో వాళ్ళను ఒక్కొక్కరినీ మనిషిలో ఐదింట మూడు వంతులుగా లెక్కగట్టిన రాజ్యాంగ వాక్యం చదివించాను. "అందరూ సమానమని అంతకుముందే రాసుకున్నారు కదా టీచర్?" అని ఒక పాప అడిగింది. చాలా మంచి ప్రశ్న. స్వాతంత్ర్య ప్రకటనలో ఆ మాట రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను ఉంచుకున్నాడు. వాషింగ్టన్ తన సొంత బానిసలు 123 మందికి విముక్తి కల్పించాలని వీలునామాలో రాశాడు. ఇవన్నీ దాచకుండా, పిల్లల వయసుకు తగ్గట్టు చెప్పడం ఎక్కడ బాగా నేర్పుతారు?

ఇంకొకటి, జే-1 (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం) వీసా మీద వచ్చిన టీచర్లను తీసుకుంటారా? బస, దారిఖర్చులు వాళ్ళే చూస్తారా? అప్లికేషన్ వ్యాసం గురించే నాకు ఎక్కువ టెన్షన్. మీరేం రాశారో చెప్తే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.