మధుపంబు వోవునేనా, బోవునేనా?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

అందరికీ నమస్కారం. పోతన గారి భాగవతం సప్తమ స్కంధం, ప్రహ్లాద చరిత్రలోని సీసపద్యం గురించి అడుగుతున్నాను. ఆదివారం పొద్దున పార్కులో చెట్ల కింద కూర్చుని నెమ్మదిగా ఒక్క పద్యమే చదువుకునే చిన్న బృందం మాది. ఈ వారం ఇది తీసుకున్నాం.

మందార మకరంద మాధుర్యమునఁ దేలు
మధుపంబు వోవునే మదనములకు?
నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు
రాయంచ సనునె తరంగిణులకు?
లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు
కోయిల సేరునే కుటజములకు?
పూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరకం
బరుగునే సాంద్ర నీహారములకు?

అంబుజోదర దివ్య పాదారవింద
చింతనామృత పానవిశేష మత్త
చిత్త మేరీతి నితరంబుఁ జేర నేర్చు?
వినుత గుణశీల! మాటలు వేయు నేల?

ఒకరి పుస్తకంలో వోవునే, ఇంకొకరి పుస్తకంలో బోవునే. పాడేవాళ్లలో ఎక్కువమంది బోవునే అంటారు. ఏది సరి? మదనములంటే ఉమ్మెత్తలేనా? పాడేటప్పుడు ఎక్కడ ఆగాలో కూడా చెప్పండి.

జవాబు (చిక్కడపల్లి నుంచి)

వోవునే సరైనది. ఛందస్సును అడిగితే తేలదు. వో, బో, పో మూడూ గురువులే (రెండు మాత్రల అక్షరాలు) కాబట్టి ఏది పెట్టినా రగణమే (గురువు, లఘువు, గురువు) వస్తుంది. తేల్చాల్సింది సంధి.

మధుపంబు ఇక్కడ ప్రథమా విభక్తి. ప్రథమ మీద పరుషం వస్తే గసడదవాదేశం, అంటే క చ ట త పలు గ స డ ద వలు అవుతాయి. పోవునే వోవునే అయింది. రాయంచ సనునె, కోయిల సేరునే కూడా ఇంతే. అసలు మాటలు చనునె, చేరునే. ఇది బహుళం, అంటే ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, కనుక ‘మధుపంబు పోవునే’ అని చదివినా తప్పులేదు. బో రావాలంటే ముందు మాట చివర ద్రుతం, అంటే నకారం, ఉండాలి, ప్రథమకు అది లేదు.

ద్రుతం ఉన్నచోట ఏం జరుగుతుందో ఇదే పద్యంలో ఉంది. మాధుర్యమునన్ + తేలు కలిస్తే మాధుర్యమునఁ దేలు, వీచికలన్ + తూఁగు కలిస్తే వీచికలఁ దూఁగు. ఇది సరళాదేశం: ద్రుతం మీది క చ ట త పలు గ జ డ ద బలవుతాయి.

ఇప్పుడు ‘చేరు’ అన్న ఒక్క క్రియనే పట్టుకుని చూడండి. మూడో పాదంలో (సీసంలో రెండేసి వరసలు ఒక పాదం) కోయిల సేరునే. ఎత్తుగీతిలో, అంటే కింది నాలుగు వరసల్లో, ఇతరంబుఁ జేర నేర్చు. ఒకచోట స, ఒకచోట జ. కోయిల కర్త, తానే వెళ్లి చేరేది. ఇతరంబు(న్) కర్మ, చేరబడేది. ఆ ఒక్క హల్లును బట్టే ఎవరు చేరుతున్నారో, దేన్ని చేరుతున్నారో చెవికి తెలిసిపోతుంది. మధుపంబు బోవునే అన్నప్పుడు పోయే తుమ్మెద కాస్తా కర్మ స్థానంలోకి జారుతుంది. అర్థం ఎలాగూ తెలుసు కదా అని వదిలెయ్యకండి, నాలుగు ప్రశ్నల్లోనూ పక్షి, తుమ్మెద తామే తేల్చుకుంటున్నాయన్నదే పద్యం ప్రాణం.

జవాబు (అల్వాల్ నుంచి)

చెట్ల సంగతి నేను చెబుతాను. ముందుగా, మందారం అంటే మన పెరటి ముద్దమందారం కాదు. అమరకోశం చెప్పే అయిదు దేవతరువుల్లో మొదటిది: మందారం, పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం. రెండో పాదంలో మందాకిని కూడా ఆకాశగంగే. మొదటి రెండు పాదాలు స్వర్గంలో మొదలవుతాయి, మూడోది మన మామిడితోటలోకి దిగుతుంది.

మదనం ఉమ్మెత్తే అనుకోవచ్చు. అమరకోశం ఉమ్మెత్త పర్యాయాల్లో ఆ మాట చేర్చింది. మంగచెట్టుకూ మదనమనే పేరుంది, కానీ టీకల్లో ఎక్కువగా కనిపించేది ఉమ్మెత్తే. మన నగరంలో ఖాళీ ప్లాట్లలో, నాలాల గట్లమీద తనంతట తానే మొలుస్తుంది. తెల్లని గరాటు పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, చీకట్లో తిరిగే పెద్ద రెక్కల పురుగులు వస్తాయి దానికి. చూడాలనుకుంటే సంజెవేళ వెళ్లండి. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి, ఆకు, గింజ, పువ్వు అన్నీ విషమే.

కుటజం కొడిశె చెట్టు. బెరడు చేదు, విరేచనాలకు ఆయుర్వేదంలో వాడే కుటజారిష్టం దాన్నించే. అలాగని పనికిరాని చెట్టనుకోవద్దు. మేఘదూతంలో యక్షుడు మేఘానికి అర్ఘ్యమిచ్చింది అప్పుడే పూసిన కొడిశెపూలతోనే.

ఇక్కడే చాలా వ్యాఖ్యానాలు దారి తప్పుతాయని నా అభిప్రాయం. మొదటి పాదంలో అమృతం, విషం అని పెట్టుకుని మిగతా మూడింటికీ అదే అంటగడతారు. తరంగిణులు మామూలు నదులు, వాటిలో విషమేముంది? కొడిశె మంచి చెట్టే. మంచు మంచే. పద్యం చెడ్డవాటిని తిట్టడం లేదు. ఒక రుచిలో మునిగిన ప్రాణికి రెండోదాని మీద ధ్యాసే పోదంటోంది. అందుకే తేలు, తూఁగు, చొక్కు, స్ఫురిత, మత్త అని వరసగా మైమరపు మాటలు.

కోయిల చిగుళ్లు తింటుందనేది, చకోరం వెన్నెల తాగుతుందనేది కవిసమయం, అంటే కవులు ఆనవాయితీగా చెప్పే మాట. నిజం కోయిలకు ప్రధానమైన తిండి పళ్లు; రావి, మర్రి పళ్లు పండినప్పుడు ఆ చెట్ల మీదే కనిపిస్తుంది.

ఇంకో ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

చాలా సంతోషమండీ. ఈ నాలుగు పోలికలూ సంస్కృత భాగవతంలో ఉన్నాయా?

జవాబు (చిక్కడపల్లి నుంచి)

లేవండీ. అక్కడ గురువు అడిగినప్పుడు ప్రహ్లాదుడు చెప్పేది అయస్కాంతం ముందు ఇనుము కదిలినట్టు తన మనసు హరివైపు కదులుతోందనే పోలిక ఒక్కటే. పోతన గారు దాన్నీ తెలిగించి, ఆ వెంటనే ఈ సీసం స్వంతంగా చేర్చారు. వినుత గుణశీల అన్న సంబోధన గురువుకే. ఇనుముకు రుచి తెలియదు, ఆనందం తెలియదు. తుమ్మెదకు తెలుసు. ఆ లోటు తీర్చడానికే ఈ పద్యం వచ్చిందనిపిస్తుంది నాకు.

జవాబు (వనస్థలిపురం నుంచి)

పాడే సంగతికి వస్తాను. అందరూ చేసే తప్పు ఒకటుంది: యతి దగ్గర ఆగడం. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో అది అక్షరమైత్రి, చెవికి అందితే చాలు. ‘లలిత రసాల పల్లవ’లో గణాలు లలితర, సాలప, ల్లవఖాది, యైచొక్కు. మూడో గణం మొదటి ‘ల్ల’ మొదటి ‘ల’తో యతి. అక్కడ ఆగితే పల్లవం రెండు ముక్కలవుతుంది. ‘ల్ల’ను కొంచెం ఒత్తి పలికి ముందుకు సాగండి.

సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు (పెద్ద గణాలు), రెండు సూర్యగణాలు (చిన్నవి). నాలుగో గణం తర్వాత సగం. మొదటి మూడు పాదాల్లో అక్కడ మాట పూర్తవుతుంది, హాయిగా ఊపిరి తీసుకోవచ్చు. నాలుగో పాదంలో అలా కుదరదు. చకోరకంబు + అరుగునే కలిసి ‘చకోరకం బరుగునే’ అయింది, సగం గీత మాట మధ్యలో పడింది. ‘చకోరకం’ దగ్గర ఆగి ‘బరుగునే’ అని ఎత్తుకుంటే వినేవాళ్లకు బరువో బర్రెనో గుర్తొస్తుంది. ‘చంద్రికా’ ముందు ఊపిరి తీసుకుని, అక్కడి నుంచి అరుగునే దాకా ఒక్కటిగా చెప్పండి. అక్కడి యతి కూడా అందంగా ఉంటుంది: సంధిలో దాగిన ‘అ’కు నీహారంలోని ‘హా’.

మొదటి పాదం ఇంద్రగణాలన్నీ అయిదేసి మాత్రలవి, పాదం మొత్తం 36. ఖండగతిలో, అంటే అయిదు మాత్రల నడకలో, ఊయలలాగా నడుస్తుంది. రెండో పాదం ‘నిర్మల’తో మొదలు, అది నాలుగే మాత్రలు. తాళం వేసుకునేవాళ్లు అక్కడ తడబడతారు. ‘నిర్మల’ చివర ఒక మాత్ర నిలపండి, లేకుంటే అసలు తాళమే వద్దు. సనునె బదులు సనునే అని సాగదీసినా నలం సలం అవుతుందంతే, రెండూ ఇంద్రగణాలే, గణం చెడదు.

ఎత్తుగీతిలో పాదం పాదానికీ ఆగకండి. అంబుజోదర నుంచి చిత్తము దాకా ఒకే సమాసం. మొదటి రెండు పాదాలు 18, 17 మాత్రలు, అంటే ఒక సీసపాదం పాడే ఊపిరి దాదాపు సరిపోతుంది. చాలకపోతే ‘పాదారవింద’ తర్వాత స్వరం దించకుండా అందుకోండి. దించితే వాక్యం ముగిసినట్టు వినిపిస్తుంది, ‘చింతన’ అనాథ అయిపోతుంది.

జవాబు (అల్వాల్ నుంచి)

బృందంగా చదివేవాళ్లకు ఒక మాట. ముందు ఒకరు అన్వయం చెప్పాలి: ‘మందార మకరంద మాధుర్యమున తేలు మధుపంబు మదనములకు పోవునే?’ అని. తర్వాత రాగం లేకుండా ఒకసారి, ఆ తర్వాతే రాగం. ముందే రాగం ఎత్తుకుంటే రాగమే మిగులుతుంది.

జవాబు (చిక్కడపల్లి నుంచి)

ప్రతులు ఫోటోకాపీ తీసేముందు అరసున్నలు ఉన్నాయో లేవో చూసుకోండి. ‘వీచికలఁ దూఁగు’లో మొదటి అరసున్న ద్రుతానికి గుర్తు, రెండోది తూఁగు అన్న మాటలోదే. అరసున్నలు తీసేసిన ప్రతి చేతికొస్తే ఒక ఉపాయం: ధాతువు తూగు అయితే ఇక్కడ దూగు ఎందుకైందని అడగండి, పోయిన ద్రుతం దొరుకుతుంది. వోవునేకి ఇదే ప్రశ్న వేస్తే మధుపంబు ప్రథమ అని దొరుకుతుంది.