కాల్‌టెక్ పరిచయ పట్టికలో పరిశోధన ఖర్చు: జేపీఎల్‌ని కలపాలా, విడిగా చూపాలా?

కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే కాల్‌టెక్ (పసడీనా, స్థాపన 1891, ఈ పేరు 1920 నుంచి) మీద తెలుగులో ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. ఆరు డివిజన్లు, సుమారు వెయ్యి మంది అండర్‌గ్రాడ్యుయేట్లు, పాలోమార్ టెలిస్కోప్ వరకూ చిక్కేమీ లేదు. 'వార్షిక పరిశోధన ఖర్చు' అన్న ఒక్క గడి దగ్గరే ఆగిపోయాను.

జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ (జేపీఎల్) నాసాది, నడిపేది కాల్‌టెక్. ఉద్యోగులు దాదాపు అందరూ కాల్‌టెక్ జీతగాళ్లే. అందుకే సంస్థ ఆడిట్ లెక్కల్లో జేపీఎల్ డబ్బు కూడా కలిసి ఉంటుంది, అసలు క్యాంపస్ ఖర్చు దాని వెనక కనిపించకుండా పోతుంది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విశ్వవిద్యాలయాల పరిశోధన ఖర్చు మీద చేసే హెర్డ్ సర్వేలో మాత్రం జేపీఎల్ ఉండదు. అది ఫెడరల్ నిధుల పరిశోధన కేంద్రం కాబట్టి వేరే సర్వేలోకి వెళ్తుంది.

ఆడిట్ మొత్తంలోంచి జేపీఎల్ వరుసను తీసేసి చూశాను. మిగిలినదాంట్లో బోధన ఖర్చూ ఉంటుంది కనుక హెర్డ్ అంకెతో కలవదు. పోనీ హెర్డ్ అంకే వాడదామంటే, పట్టికలో పక్కనే ఉన్న జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వరుసతో తేడా కొడుతోంది. వాళ్ల అప్లైడ్ ఫిజిక్స్ లాబొరేటరీ ఫెడరల్ నిధుల పరిశోధన కేంద్రాల కోవలోకి రాదు, దాంతో దాని ఖర్చు హెర్డ్‌లోనే కలిసిపోతుంది. ఇలా పోల్చడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తోంది. ఫుట్‌నోట్ పెట్టినా చాలామంది చదవరు.

ఇలాంటి పట్టికలు చేసినవాళ్లు చెప్పండి: హెర్డ్ అంకె ఒక్కటే ఇచ్చి జేపీఎల్‌కి వేరే వరుస పెట్టాలా, లేక రెండు విశ్వవిద్యాలయాలకూ ల్యాబ్ ఖర్చు తీసేసి క్యాంపస్ అంకెలే ఇవ్వాలా?