అప్‌డేట్: పీహెచ్‌డీయా, కోహానా అని అడిగాను కదా
యూనివర్సిటీలో డిపార్ట్‌మెంట్ లైబ్రరీ చూసే అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. ముందు పీహెచ్‌డీలో చేరాలా, కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా అని ఆర్నెల్ల క్రితం అడిగాను. ఎక్కువమంది కోహా అన్నారు. నిజం చెప్పాలంటే నచ్చలేదు. 2018 యూజీసీ నిబంధనల్లో ప్రమోషన్ మీద పే లెవెల్ 10 నుంచి 11కి వెళ్లాలంటే పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు 4 ఏళ్ల సర్వీసు చాలు, ఎంఫిల్ కూడా లేకపోతే 6 ఏళ్లు కావాలి. నా టెన్షనంతా ఆ రెండేళ్ల గురించే.

అయినా వేసవి సెలవుల్లో ఓ పాత కంప్యూటర్‌లో కోహా ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ ఉచితమే, ప్రాణం తీసింది మార్క్ రికార్డులు, అంటే ఒక్కో పుస్తకం వివరాలు కంప్యూటర్‌కి అర్థమయ్యే పద్ధతిలో రాసే ఎంట్రీలు! మా ఎక్సెల్ షీట్‌లో ఒకే రచయిత పేరు మూడు రకాలుగా ఉంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. (ఎక్కించింది నేనే, ఎవర్ని తిట్టను?) సగం కూడా అవలేదు.

పీహెచ్‌డీ దరఖాస్తు వచ్చే ఏడాదికి వాయిదా వేశాను. టాపిక్ మాత్రం దొరికింది: తెలుగు పేర్ల కేటలాగింగ్.