పసుపు బోర్డు ప్రచారం చేస్తే రైతుకు ధర వస్తుందా?

బాల్కొండ బిడ్డ:
మొన్న కూకట్‌పల్లిలో ఒక సూపర్ మార్కెట్‌కి పోయి పసుపు పొట్లాలన్నీ తిప్పి చూశాను. కంపెనీ పేరుంది, లక్ష్మీదేవి బొమ్మ ఉంది. నిజామాబాద్ అన్న మాట ఒక్కదాని మీదా లేదు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో మా నిజామాబాద్ దిక్కు పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది పసుపు బోర్డు కావాలని పోటీకి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. 2025 సంక్రాంతికి జాతీయ పసుపు బోర్డు మొదలైంది, జూన్‌లో నిజామాబాద్‌లో ఆఫీసు తెరిచారు. మరి బోర్డు మొదట చేయాల్సింది మన పంటకు పేరు తేవడం కాదా? అరకు కాఫీకి వచ్చినప్పుడు మనకెందుకు రాదు?

ఒంగోలు గిత్త:
పేరుతో అప్పు తీరదండీ. బోర్డంటే పొగాకు బోర్డులా ఉండాలి. 1976 నుంచి ఉంది. రైతు పేరు నమోదు చేస్తుంది, ఆకు ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు ఇస్తుంది, వేలం కేంద్రాలు నడుపుతుంది. పసుపు బోర్డు పనులంటూ చెప్పినవి చదవండి: అవగాహన, కొత్త మార్కెట్లు, పరిశోధన, నాణ్యత. కొనడం అన్న మాటే లేదు. పసుపుకి మద్దతు ధర కూడా లేదు.

బేగంబజార్ కొట్టు:
ముప్పై ఏళ్లుగా పసుపు అమ్ముతున్నా. నా దగ్గరికి వచ్చినవాళ్లు రంగు అడుగుతారు, ఊరు అడగరు. బయటి దేశం వాడైతే కర్క్యుమిన్, అంటే పసుపుకు ఆ రంగునిచ్చే సారం, ఎంత అంటాడు. మేఘాలయ లకడాంగ్ పసుపులో అది 7 శాతం దాకా ఉంటుంది. మన సరుకులో అంత లేదు. బోర్డు పోస్టర్లు వేస్తే పెరుగుతుందా?

బాల్కొండ బిడ్డ:
రంగా? ఆ రంగు దుంపది కాదు సేఠ్, పాలిష్ పట్టేటప్పుడు చల్లే పొడిది. లెడ్ క్రోమేట్ అనే విషపు రంగు సంగతి అందరికీ తెలుసు.

బేగంబజార్ కొట్టు:
నేను కల్తీ చేస్తానన్నానా? మాట జాగ్రత్త.

అమ్మమ్మ చేతి వంట:
మేము కొమ్ములు కొని మర పట్టిస్తాం. కూకట్‌పల్లి వైపు మంచి మర ఎక్కడుందో ఎవరైనా చెప్తారా?

బాల్కొండ బిడ్డ:
నేను మిమ్మల్నే అన్నానా? రంగు గురించి అన్నాను. అయినా రంగు చూసి కొనమని జనానికి నేర్పింది ఎవరు?

(ఇక్కడి నుంచి పదకొండు పోస్టులు రంగు మీదే నడిచాయి. తిట్లున్నవి తీసేశాను. – మోడరేటర్)

రిటైర్డ్ ఏఓ (వ్యవసాయ అధికారి):
అరకు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. దానికి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, వచ్చింది, నిజమే. కానీ అక్కడ గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కాఫీ కొంటుంది. పేరు వెనకాల కొనేవాడొకడు ఉన్నాడు. అలాగని బోర్డే అంతా కొనాలన్నా చిక్కే. కాఫీ బోర్డు ఒకప్పుడు పంటంతా తానే తీసుకుని అమ్మేది. మా సరుకు మేమే అమ్ముకుంటామని పెంపకందార్లే అడిగారు. 1996 నాటికి ఆ పద్ధతి పోయింది. పసుపు విషయానికొస్తే, 2023-24లో 1.62 లక్షల టన్నులు ఎగుమతై 22.65 కోట్ల డాలర్లు వచ్చాయి. అంటే కిలోకు డాలరున్నర కూడా లేదు. 2030కి వంద కోట్ల డాలర్లు చేస్తామంటున్నారు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్మును బస్తాల్లో పంపిస్తూ పోతే అది జరగదు.

ఒంగోలు గిత్త:
సార్, కాఫీ తోటల వాళ్లకు ఎకరాలున్నాయి, ఆగగలరు. మాకు ఆగే ఓపిక లేదు.

బాల్కొండ బిడ్డ:
మీ పొగాకు వేలంలో రైతులు ఏడవడం టీవీలో చూడలేదా? అదేనా ఆదర్శం?

ఒంగోలు గిత్త:
చూడక్కర్లేదు, ఇంట్లోనే చూశాను. ఒక ఏడాది మా నాన్న తెచ్చిన బేళ్లలో తొమ్మిది నో బిడ్ అయ్యాయి, అంటే ఎవరూ పాడలేదు. ట్రాక్టర్ కిరాయి పెట్టి వెనక్కి తెచ్చుకున్నాం. నేను ఇంజనీరింగ్ ఫీజు కట్టలేకపోయింది ఆ ఏడే. అయినా నో బిడ్ అని కాగితం మీద రాశారు. ఆ కాగితం పట్టుకుని నలుగురం వెళ్లి అడిగాం. మీ యార్డులో కొనేవాడు పెదవి విరిస్తే దానికి కాగితం ఉంటుందా?

బేగంబజార్ కొట్టు:
తమ్మీ, నీకు భూమి ఉందా? పసుపు వేస్తున్నావా?

బాల్కొండ బిడ్డ:
మూడెకరాలు. కౌలుకిచ్చాం.

బేగంబజార్ కొట్టు:
కౌలు తీసుకున్నాయన ఏం వేశాడు?

బాల్కొండ బిడ్డ:
వరి. రెండేళ్లయింది పసుపు మానేసి. తొమ్మిది నెలల పంట, విత్తనానికే ఎకరాకు క్వింటాళ్లు కావాలి, తవ్వాలి, ఉడకబెట్టాలి, తీరా గుండ్రటి మండకు ఒక ధర, పొడుగు కొమ్ముకు ఒక ధర. ఆయన తప్పేం లేదు. కానీ మా బాపు పేరు చెప్తే యార్డులో పసుపు రైతు అని గుర్తుపట్టేవాళ్లు. అది పోయింది. సరేనా?

బేగంబజార్ కొట్టు:
సరే, నేనూ నిజం చెప్తా. నిజామాబాద్, సాంగ్లీ, ఈరోడ్ మూడూ కలిపి పట్టిస్తా. ఒక్క ఊరి సరుకే అయితే ఏడాది పొడవునా ఒకే రంగు, ఒకే ధర నిలపలేను. పొట్లం మీద ఊరి పేరు వేయాలని బోర్డు రూలు పెడితే నేను కలపలేను. అందుకే నీ పేరు గోల నాకు నచ్చదు. కల్తీ అన్నావు చూడు, అది కాదు కారణం.

ఒంగోలు గిత్త:
పేరు మీ ఇద్దరిలో ఎవరికి దక్కాలన్నదే గొడవా! ఇంతకన్నా తక్కువకు కొనొద్దని చెప్పేదెవరు? నేను అడిగింది అది.

బాల్కొండ బిడ్డ:
సేఠ్, కలపని నిజామాబాద్ కొమ్ము ఇస్తారా? పొడి వద్దు.

బేగంబజార్ కొట్టు:
మార్చిలో రా, కొత్త సరుకు దిగుతుంది. ఐదు కిలోలకు తక్కువ ఇవ్వను. ధర అప్పుడు చెప్తా.

ఒంగోలు గిత్త:
చూశారా, ధర అప్పుడు చెప్తాడట.

అమ్మమ్మ చేతి వంట:
మర గురించి ఎవరూ చెప్పలేదు.